రంజాను సోమవారమా, మంగళవారమా

మా నాయనకు గోడ మీది క్యాలెండర్ అంటే దేవుడి పటం కన్నా ఎక్కువ భక్తి. కొత్త ఏడాది ఇంకా రాకముందే బళ్ళారి బజారుకు పోయి తెచ్చుకుంటాడు. ఇంటికి వచ్చీ రాగానే కళ్ళద్దాలు పెట్టుకొని, ఎర్ర అంకెల మీద వేలు పెడుతూ పన్నెండు నెలలూ తిరగేస్తాడు. ఏ పండుగైనా ఆదివారం పడిందా, ఆయన ముఖం వాడిపోతుంది. "పోయెగదప్పా, ఈ రజా గూడా పోయె" అంటాడు. రజా అంటే మా వైపు సెలవు. ఆయన చేసేది సేద్యం కాబట్టి ఆయనకు ఎట్లాగూ రజా ఉండదు. మిరపచేను ఏ పండుగకూ తలుపులు మూసుకోదు. ఊళ్ళో ఉద్యోగాలు చేసేవాళ్ళందరి సెలవుల బాధా ఆయనే మోస్తాడు, అంతే.

మాది కప్పగల్లు. బళ్ళారి బస్సెక్కితే కునుకు పట్టేలోపు ఊరొస్తుంది. నా ఉద్యోగం మాత్రం సరిహద్దు అవతల, ఆంధ్రలో ఒక హైస్కూల్లో. చిన్నప్పుడు మేనత్త ఇంట్లో ఉండి అటువైపే చదివాను, అటువైపే లెక్కల టీచరునయ్యాను. పొద్దున కర్ణాటకలో అన్నం తిని, ఆంధ్రలో పాఠం చెప్పి, సాయంత్రం మళ్ళీ కర్ణాటకలో కాఫీ తాగుతాను. దీన్ని మా అమ్మ విదేశీ ఉద్యోగం అంటుంది.

అందువల్ల మా ఇంటి గోడకు రెండు క్యాలెండర్లు. ఒకటి కన్నడంలో, ఒకటి తెలుగులో. రెండింట్లోనూ ఎర్ర అంకెలు ఉంటాయి గానీ అన్నీ ఒకే చోట ఉండవు. కర్ణాటక రాష్ట్రం పుట్టిన రోజైన రాజ్యోత్సవం నాడు బళ్ళారి అంతా జెండాలతో, పాటలతో ఊగిపోతుంటే నేను బస్సులో కిటికీ పక్కన కూర్చొని డ్యూటీకి పోతుంటాను. సంక్రాంతికి మా బడి రోజుల తరబడి మూతపడుతుంది. ఇక్కడివాళ్ళు ఒక్కరోజు పండుగ చేసుకొని మర్నాడు పనిలోకి పోతూ నన్ను చూసి కుళ్ళుకుంటారు. చలికాలంలో రెండు ప్రభుత్వాలూ ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చొని రాబోయే ఏడాది సెలవులు తేలుస్తాయి. కొన్నింటికి తేదీ మారదు. కొన్ని పంచాంగం చెప్పినట్టు వస్తాయి. కొన్నింటికి చంద్రుడు కనబడితేనే సెలవు. ఇవి చాలవన్నట్టు కలెక్టరు ఇచ్చే స్థానిక సెలవులు వేరు. వానకు బడి మూసినందుకు బదులుగా రెండో శనివారాలు తెరవడం వేరు. ఏళ్ళ తరబడి ఇందులో ఉండి కూడా రేపు బడి ఉందా లేదా అని ఎవరైనా అడిగితే, ఒకసారి ఫోను చూసుకొనే చెప్తాను.

ఇట్లాంటి ఇంటికి దోణిమలై నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి ఇనుప గనిలో యంత్రాలు బాగుచేసే పని. గనిలో సెలవుల లెక్క ఇంకో రకం. ఏడాది మొదట్లో పెద్ద అధికారులూ, యూనియను వాళ్ళూ కూర్చొని, ఏయే పండుగలకు గని ఆపాలో మాట్లాడుకొని బోర్డు మీద అంటిస్తారట. మిగతా రోజుల్లో వారానికొక రజా ఉంటుంది గానీ అది షిఫ్టును బట్టి మారుతుంది. ఈసారి బుధవారం, ఇంకోసారి శుక్రవారం. నాకేమో ఆదివారం.

ఈ సంబంధం అంటే నాకు ఆశ పుట్టడానికి కారణం ఉంది. అంతకుముందు వచ్చినవాళ్ళందరూ ఒకే మాట దగ్గర ఆగిపోయారు. "బార్డర్ దాటి పొయ్యే కోడలు మాకొద్దు, ఉద్యోగం మానల్ల." ఈయన ఒక్కడే మొదటిసారి ఫోను చేసినప్పుడు "మీ బడి యాడుండాది? బస్సు యాడ ఎక్కుతారు? తిరిగొచ్చేతలికి చీకటి పడుతుందా?" అని అడిగాడు. నేను వెళ్ళి వస్తూనే ఉంటానని ముందే ఒప్పుకున్న మనిషి మాటల్లాగా వినిపించాయి. నేరుగా అడిగేశాను, మానమంటారా అని. "నేననను. మా అమ్మ మనసు మాత్రం నాకు తెలీదు. ఆమె మిమ్మల్ని చూసినాకనే చెప్తుంది" అన్నాడు. అబద్ధం చెప్పి మంచి అనిపించుకోలేదు. ఆ మాటకే నేను పడిపోయాను.

చూపులు మాత్రం కుదరనే లేదు. మొదట రాజ్యోత్సవం అనుకున్నారు. గనికి రజా. కన్నడ క్యాలెండర్ చూసి ఇటు మా నాయన కూడా సరే అన్నాడు. ఆయన తెలుగు క్యాలెండర్ వైపు తల తిప్పి ఉంటే ఆ రోజు నల్లగా ఉన్న సంగతి తెలిసేది. ఆ రోజు మా బడికి తనిఖీ వాళ్ళు వచ్చారు. నేను కదలడానికి లేకపోయింది. తర్వాత ఒక ఆదివారం అనుకుంటే, గనిలో అబ్బాయి బదులు పనిలోకి రావలసిన మనిషికి జ్వరం వచ్చింది. మా నాయన ఆ రోజు అరుగు మీద కూర్చొని పెద్ద తీర్పు చెప్పేశాడు. "రెండు తూర్లు తప్పె. ఇంగొక తూరి తప్పితే ఈ సంబంధం మనకు రాసిపెట్టి ల్యాదు. పట్టుకొని యాలాడేది నా చేత కాదు." ఆయన అట్లా అన్నాడంటే అంతే. మళ్ళీ వెనక్కి తీసుకోడు.

మార్చి నెల వచ్చింది. గనిలో ఏడాది చివరి పని ఒత్తిడి, సెలవు పెడితే ఇవ్వరు. నాకు పదో తరగతి పరీక్షల డ్యూటీ, సెలవు అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. అప్పుడు మా నాయన రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పరిచి, రెండు చేతుల వేళ్ళతో వెతికి, "దొరికె!" అని అరిచాడు. ఆ ఏడాది ఉగాది ఆదివారం, ఇంటి పండుగ వదిలి ఎవరూ చూపులకు కదలరు. మర్నాడు సోమవారం రంజాను. కన్నడంలోనూ ఎరుపే, తెలుగులోనూ ఎరుపే. గని బోర్డు మీద కూడా సోమవారమే ఉందట. రెండు వైపులా మాట ఇచ్చేశారు.

నేను చెప్పాను. "నాయనా, రంజాను నెలపొడుపును బట్టి వస్తాది. ఆదివారం సాయంత్రం చంద్రుడు కనపడకపోతే మంగళవారమే పండగ. అప్పుడు మా ఆఖరి పరీక్ష సోమవారం పెడతారు. కాయితంలో అట్లే రాసినారు."

"అచ్చేసినాక యాడ మారుతుంది పాపా? ఎర్రగా అచ్చేసినారు చూడు."

"చంద్రునికి మీ అచ్చాఫీసు తెలుసునా?"

"చదువుకున్న నోరు" అని లోపలికి పోయాడు. మంగళవారానికి మార్చమని అడగడానికి కూడా లేదు. మంగళవారం మా ఇంట్లో శుభకార్యం మాటే ఎత్తరు. పైగా ఆ రోజు గనికి రజా ఉండదు. నా పెళ్ళంతా ఆదివారం సాయంత్రం ఆకాశంలో ఒక సన్నటి గీత కనిపించడం మీద ఆధారపడింది.

ఉగాదినాడు సాయంత్రం నెలపొడుపు చూడటం మా ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే. చంద్రుణ్ణి చూసి దండం పెట్టి, ఆ కళ్ళతోనే నచ్చినవాళ్ళ ముఖం చూడాలని, అప్పుడు నెలంతా బాగుంటుందని మా అమ్మ నమ్మకం. మా మిద్దెకు ఆనుకొనే దర్జీ మామ మిద్దె. ఆయన మా నాయన ఈడువాడు, నేను పుట్టినప్పటి నుంచి నా గౌన్లూ, లంగాలూ, రవికలూ అన్నీ ఆయన మిషను కిందినుంచే వచ్చాయి. వాళ్ళు రంజాను చంద్రుణ్ణి చూడటానికి, మేము ఉగాది చంద్రుణ్ణి చూడటానికి పిట్టగోడకు అటొకరు ఇటొకరు నిలబడ్డాం. వెతికేది ఒక్కణ్ణే.

"మామా, గట్టిగా దువా చెయ్యి. ఈ పొద్దే కనపడల్ల" అన్నాను.

ఆయన మెడలో కొలత టేపుతోనే పైకి వచ్చాడు. "నేను కనపడకూడదని చేస్తాండా బేటీ! ఊరి జుబ్బాలన్నీ నా మిషను మీదనే ఉండాయి. ఈ పొద్దు చాంద్ వస్తే రేపు ఈద్గాలో నన్ను అందరూ కలిసి కుట్టేస్తారు."

"నా రవిక?"

"అదీ ఆ కుప్పలోనే ఉండాది."

"పండగ చేసుకునే మీరే వద్దంటే నేనేం చేసేది మామా?"

"పాపం, ఆ చాంద్ గతి చూడు. ఎవరి మాట ఇనల్ల?" అని ఆయన పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కళ్ళు మాత్రం పడమటి వైపే.

మా ఊరి గుట్ట మీద కొన్ని నల్లరాళ్ళు ఉన్నాయి. ఇంకో రాయితో కొడితే గంటలాగా మోగుతాయి. దర్జీ మామ తమ్ముడు, ఇంకొందరు మగవాళ్ళు గుట్ట ఎక్కారు. అక్కడ చూపుకు అడ్డం ఉండదు. చంద్రుడు కనిపిస్తే రాయి మోగిస్తామని చెప్పి పోయారు. పడమర అంతా మసక. ఎండాకాలపు దుమ్ము, దాని మీద మబ్బు పొర. నేను కళ్ళతో కాక చెవులతోనే ఎదురుచూశాను. కాకులు గూళ్ళకు చేరాయి. మసీదులో ఇఫ్తారు పిలుపు అయిపోయింది. గుట్ట మీదినుంచి ఏ చప్పుడూ లేదు. చీకటి పడ్డాక పైకి పోయినవాళ్ళు టార్చి వెలుగులతో ఊరికే దిగివచ్చారు.

కాసేపటికి దర్జీ మామ ఫోనులో బెంగళూరు కబురు వచ్చింది, ఎక్కడా కనిపించలేదని, ఇంకో రోజు ఉపవాసమని. నా ఫోనులో మా బడి గ్రూపు మోగింది. రంజాను సెలవు మంగళవారం, ఆఖరి పరీక్ష సోమవారమే, అందరూ వేళకు హాజరు కావాలి. మెట్ల మీదే కూర్చొని ఏడ్చాను. ఉగాదినాడు ఏడిస్తే ఏడాదంతా ఏడుస్తావని అమ్మ కసిరింది. ఆ మాటకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

నాయన మాత్రం క్యాలెండర్ ముందు నిలబడి ఉన్నాడు, నమ్మిన మనిషి మోసం చేసినట్టు. "మూడో తూరి" అన్నాడు. 

అన్నం మానేసి మళ్ళీ మిద్దెక్కితే దోణిమలై నుంచి ఆయన ఫోను చేశాడు. విషయం చెప్పాను.  "మా బోర్డు మీద రాసింది రాసిందే. నా రజా సోమవారమే" అన్నాడు. తర్వాత "మీ పరీక్ష యాడ?" అని అడిగాడు. ఊరి పేరు చెప్పాను. "ఎందుకు?" అన్నాను. "ఊరికే అడిగినా" అన్నాడు. ఊరికే అడిగినవాళ్ళ మీద నాకు ఆ పూట బలే కోపంగా ఉండింది. పెట్టేశాను.

పొద్దున్నే పాత నేత చీర కట్టుకొని డ్యూటీకి పోయాను. మా మండలంలోనే ఇంకో ఊరి బడి అది. మా పిల్లలు రాసేదీ అక్కడే, వాళ్ళ గదికి మాత్రం నన్ను వెయ్యరు. ఫోన్లన్నీ గేటు దగ్గరే తీసి పెట్టేస్తారు. అందువల్ల బయట ఏం జరుగుతోందో నాకు తెలియలేదు. పరీక్ష ముగిసి, పేపర్లు లెక్కచూసి, కట్టలు కట్టి, సీలు వేసి ఇచ్చేసరికి చేతులంతా లక్క. జుట్టు ఎట్లుందో దేవుడికే తెలియాలి. బయటికి వస్తే గేటు దగ్గర గొంతు వినబడింది. మా నాయన గొంతు.

గేటు బయట వేపచెట్టు కింద మా నాయన, చంకలో చుట్టిన జంఖానా. చేతిలో టిఫిను క్యారియరు. ఎదురుగా పోలీసాయన.

"అది ఇప్పు పెద్దాయనా. లోపల చీటీలు ఉన్నాయేమో చూడాలి."

"చీటీలు యాడివప్పా! ఇది పెళ్ళిచూపుల జంఖానా. ఆడపిల్ల దీని మీద కూసోవల్ల."

"పరీక్ష సెంటరులో పెళ్ళిచూపులా?"

"క్యాలెండర్ చేసిన పని" అన్నాడు నాయన, ఎంతో బాధగా.

ఆ వెనకాల చెరకురసం బండి దగ్గర, ఫోటోలో చూసిన మనిషి రెండు గ్లాసులు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఒకటి వాళ్ళమ్మకు ఇచ్చి నా వైపు చూసి నవ్వాడు. సంగతి తర్వాత తెలిసింది. రాత్రి నా తర్వాత ఆయన మా నాయనకు ఫోను చేశాడట. "పెద్దాయప్పా, మాట ప్రకారం సోమవారమే చూద్దాం. దినం మారకూడదని గదా మీ పట్టు? దినం మారదు. చోటు మారుతుంది" అన్నాడట. చోటు గురించి మా నాయన దగ్గర ఏ రూలూ లేదు. గని రజా పగటికే, చీకటి పడే వేళకు మళ్ళీ షిఫ్టు ఉండబట్టి, నేను ఇల్లు చేరేదాకా వాళ్ళు ఆగే వీలు లేదు. అందుకే జీపులో దారిలో మా నాయనను ఎక్కించుకొని నేరుగా ఇక్కడికే వచ్చారు. మా అమ్మ తడి కట్టెల పొయ్యిలాగా గొణుక్కుంటూనే బజ్జీలు వేసి పంపింది.

పోలీసాయనకు నేను చెప్పాను, వీళ్ళు మావాళ్ళని. "అయ్యో మేడం, ముందే చెప్పరా" అని ఆయన లోపలినుంచి కుర్చీ తెచ్చి వాళ్ళమ్మకు వేశాడు. అంతసేపూ ఆమెను ఎండలో నిలబెట్టింది ఆయనే. ఆమె నన్నూ, పోలీసాయన్నూ మార్చి మార్చి చూసింది.

నాయన జంఖానా పరిచి, తూర్పు ఏదో చూసుకొని నన్ను కూర్చోబెట్టాడు. జేబులోంచి ఒక కాగితపు పొట్లం తీసి ఇచ్చాడు. నా కొత్త రవిక. దర్జీ మామ తెల్లవారక ముందే లేచి, ఉపవాసానికి ముందు తినే సహరీ తిని, మొట్టమొదట నాదే కుట్టి ఇచ్చాడట. "చాంద్ నాకొక దినం ఎక్కువ ఇచ్చె, అందులో మొదటి పని బేటీది" అన్నాడట. వేసుకునే చోటు లేదు. ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఎంత ముద్దొచ్చిందో ఆ పొట్లం.

అంతలో మా పిల్లలు చూశారు. ఆఖరి పరీక్ష కదా, ఇంక బడికి రారు. "మిస్, మిస్" అంటూ చుట్టూ మూగారు. ఒకమ్మాయి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది, వచ్చే ఏడు లెక్కలు ఎవరు చెప్తారు మిస్ అని. పెళ్ళిచూపుల్లో తలొంచుకొని కూర్చోవాలని మా అమ్మ నేర్పిన పాఠమంతా మరిచిపోయి, దాని ముక్కు నా కొంగుతోనే తుడిచాను.

పిల్లలంతా పోయాక అబ్బాయి వాళ్ళమ్మ అడిగింది. "దినామూ ఇంత దూరం వస్తావా పాపా?"

"వస్తానమ్మా."

"వానల్లో గూడా?"

"గూడా."

"మానల్లని ఎప్పుడూ అనిపించల్యా?"

ఇదే ఆ ప్రశ్న. ఆయన గ్లాసు వైపు చూస్తున్నాడు. నాయన దగ్గాడు, జాగ్రత్తగా చెప్పమని. నాకు జాగ్రత్త చేతకాదు. "అనిపించల్యాదమ్మా. ఇంక ముందు గూడా అనిపించదు" అన్నాను.

ఆమె బజ్జీ ఒకటి తిని బాగుందని చెప్పింది. పోయేటప్పుడు బొట్టు పెట్టి పూలు ఇచ్చింది. బొట్టూ పూలూ ఎవరికైనా ఇస్తారు. జీపులో మా ఊరి దాకా నేనూ నాయనా వెనక కూర్చొని వచ్చాం. చెడగొట్టుకున్నాననే అనుకున్నాను. అయినా అన్న మాటకు బాధ మాత్రం లేదు.

సాయంత్రం కొత్త రవిక తొడుక్కొని మిద్దెక్కాను, ఎవరి కోసమో తెలియదు. ఆకాశం కడిగినట్టుంది. నేను చూడకముందే గుట్ట మీద రాయి మోగింది. టంగ్, టంగ్, టంగ్ అని ఊరంతటికీ వినిపించింది. దర్జీ మామ ఇంట్లో కేకలు. పడమర గోటి అంత నెలవంక. దండం పెట్టుకున్నాను. "ఎవరి మొగం చూస్తావో చూడు" అంది అమ్మ వెనకనుంచి.

చేతిలో ఫోను మోగింది. వీడియో. పచ్చ హెల్మెట్టు పెట్టుకొని, గని లైట్ల కింద ఆయన ముఖం. షిఫ్టులోకి పోబోతున్నాడు.

"ఈడ కనపడె. మీకు కనపడెనా?" అన్నాడు.

"కనపడె" అన్నాను. చూస్తూనే ఉన్నాను.

"మా అమ్మ దారంతా ఒకటే మాట. ఆ పోలీసు మనల్ని నిలబెట్టె, ఆ పాప చెప్తే కుర్చీ తెచ్చె అని. దోణిమలై నుంచి మీ బడికి బస్సు ల్యాదు గదా. బళ్ళారిలో ఇల్లు చూడమంటాంది. ఆ పాపకు బస్టాండు దగ్గరుండల్లంట."

 అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కొని, ఏమయ్యో ఇట్ల రా అని మా నాయనను పిలుస్తూ మెట్లు దిగింది.

పంతులు చూసి ఇచ్చిన ముహూర్తం ఏ సెలవులోనూ పడలేదు. ఒక మామూలు బుధవారం, రెండు క్యాలెండర్లలోనూ నల్ల అంకె. ఇద్దరమూ లీవు పెట్టుకోవాల్సి వచ్చింది. నాయన చాలాసేపు ఆ అంకెను చూసి, దేవుడి దగ్గరి కుంకుమ భరిణె తెచ్చి, వేలు తడిపి, రెండింటి మీదా ఎర్రగా దిద్దాడు.